ఇరవై పాయింట్లు

సోమవారం తొమ్మిదింటికి మరుదాచలం ఆ ఇంజను విప్పుతాడని తెలిసి, ఎనిమిదిన్నరకే షెడ్డు ముందు పదిమంది చేరారు. మా ఆవారంపాళయంలో పెళ్ళికి పిలిస్తే ఆలస్యంగా వస్తారు గాని, ఒకడి ఇంజను బిగుసుకుని పట్టేసిందంటే టీ గ్లాసు చేత్తో పట్టుకునే వచ్చేస్తారు. అందులోనూ మరుదాచలం కట్టిన ఇంజను. ఇరవై రెండేళ్ళలో అతని చేతి ఇంజను పట్టెయ్యడం ఇదే మొదలు.

ముందురోజు రేసు ట్రాక్ మీద ప్రాక్టీసులో నవనీతన్ అనే కుర్రాడు ఆ బండి నడిపాడు. పాతకాలపు వంద సీసీ టూ-స్ట్రోక్ బండి. మూడో చుట్టులో నిండు వేగం మీద ఉండగా వెనక చక్రం ఉన్నపళంగా బిగుసుకుపోయింది. కుర్రాడు పల్టీలు కొట్టాడు. భుజం దగ్గర ఎముక విరిగి ఆసుపత్రిలో ఉన్నాడు. ప్రాణానికి ఏమీ కాలేదు, మరుదమలై మురుగన్ దయ.

మరుదాచలం నాలుగు నట్లు తీసి హెడ్డు పక్కన పెట్టాడు. బ్లాకు మీద రబ్బరు సుత్తితో మెల్లగా కొట్టి పైకి లాగాడు. రాలేదు. కిరసనాయిలు పోసి కాసేపు ఆగి మళ్ళీ లాగితే కీచుమంటూ వచ్చింది. పిస్టన్ పక్కల నిలువునా లోతుగా గీతలు పడ్డాయి. నెత్తిన అంచు చెదలు తిన్నట్టు సన్నని గుంటలతో కొరుక్కుపోయి ఉంది. అతను దాన్ని వెలుతురులోకి ఎత్తి రెండుసార్లు తిప్పి చూశాడు. తర్వాత ఆ గుంటల మీద బొటనవేలు పెట్టి, గీతలున్న పక్కని జనానికి చూపించాడు.

"బోరు బిగువైంది," అన్నాడు. "రెండు పక్కలా కరిచింది చూడండి."

బ్లాకు లోపల పిస్టన్ ఆడే రంధ్రమే బోరు. దాన్ని కొట్టింది కాళియప్పన్. రోడ్డుకి అవతల రేకుల కింద అతని లేతు ఉంటుంది. అరవై ఒకటో ఏడు, బక్క మనిషి, చెవి వెనక పెన్సిలు. ఎవరో పిలిస్తే బనియన్ గుడ్డతో చేతులు తుడుచుకుంటూ అప్పుడే వచ్చాడు.

"ప్లే ఎంతిచ్చారన్నా?" అని అడిగాడు మరుదాచలం.

"మీరు రాసిచ్చినంతే తంబీ. ఆరు పాయింట్లు."

పిస్టన్‌కీ బోరు గోడకీ మధ్య వదిలే సందే ప్లే. మిల్లీమీటరులో నూరో వంతుని మా దగ్గర పాయింటంటారు. వెంట్రుక మందం ఆరేడు పాయింట్లుంటుంది. ఆ కొలతల్లో బతికే మనుషులు వీళ్ళు.

"ఆరుంటే ఇలా కరుస్తుందా?"

కాళియప్పన్ పిస్టన్ కోసం చెయ్యి చాచాడు. మరుదాచలం ఇవ్వలేదు. చాచిన చెయ్యిని ఏం చెయ్యాలో తెలియనట్టు కాళియప్పన్ దానితో మెడ రుద్దుకున్నాడు. బల్ల మీది హెడ్డు వైపు చూశాడు.

"ఈ హెడ్డు నేను కొయ్యలేదు కదా తంబీ. ఎవరు కోశారు?"

"మీరు జాతరకని ఊరెళ్ళి నాలుగు రోజులు రాకపోతే పని ఆగుతుందా? కంప్యూటర్ మెషీన్ పెట్టారే కొత్తగా, అక్కడ కోయించాను. ఎనభై పాయింట్లు."

"కచ్చితంగా ఎనభైయ్యేనా?"

"మెషీనన్నా అది. ఎనభై అంటే ఎనభై. మీలా టీ తాగుతూ కొయ్యదు."

జనం నవ్వారు. కాళియప్పన్ నవ్వలేదు. "టెస్టు చేశారా? నాకింగ్ ఏమీ రాలేదా?" అని మెల్లగా అడిగాడు.

అలా అడగడం ఎంత తప్పో అక్కడ అందరికీ తెలుసు. హెడ్డంటే సిలిండరు మీది మూత. దాని అడుగు ఎంత కోస్తే లోపల పెట్రోలు అంత బిగువుగా నొక్కుకుంటుంది, బండి అంత బలంగా లాగుతుంది. మితిమీరి కోస్తే మాత్రం లోపలి మంట వేళ కాని వేళ పేలుతుంది. ఆ చప్పుడే నాకింగ్. అది మొదలవ్వబోయే చోటికి వెంట్రుకవాసి ఇవతల ఆపడమే విద్య, మిగతాదంతా స్పానరు తిప్పడం. మరుదాచలం బండిని సెంటర్ స్టాండు మీద నిలబెట్టి, నాలుగో గేరు వేసి, వెనక బ్రేకు కాలితో తొక్కిపట్టి ఎక్సలేటరు తిప్పుతాడు. ఇంజను మూలుగుతూంటే తల పక్కకి వాల్చి, కళ్ళు మూసుకుని వింటాడు. "నూనెలో ఒక్క ఆవగింజ చిటపటమన్నా నాకు తెలుస్తుంది," అనేవాడు. ఆ చెవి కోసమే బెంగుళూరు నుంచీ, కొచ్చి నుంచీ బళ్ళు వచ్చేవి.

"నా చెవి మీద అనుమానమా అన్నా మీకు?" అన్నాడు మరుదాచలం. "వినకుండా బండి బయటికి పంపిస్తానా? నాకింగ్ లేదు. కాబట్టి బోరే."

కాళియప్పన్ ఏదో చెప్పబోయి, చుట్టూ నిలబడ్డ మొహాలు చూశాడు.

"సరే తంబీ," అని రోడ్డు దాటి వెళ్ళిపోయాడు.

ఒప్పుకున్నాడనే అందరూ అనుకున్నారు. ఎదురుచెప్పనివాడిదే తప్పని తేల్చెయ్యడం మా వీధికి అలవాటు.

మధ్యాహ్నానికి పక్క షెడ్డు సెల్వరాజ్ తన రెండు బ్లాకులూ కాళియప్పన్ దగ్గరనుంచి తెచ్చేసుకున్నాడు. "అర్జెంటన్నా, ఏమీ అనుకోకండి," అన్నాడట. సాయంత్రానికి మరో ఇద్దరు తెచ్చుకున్నారు. కాళియప్పన్ ఏ బ్లాకుకి ఆ బ్లాకు నూనె రాసి, కాగితంలో చుట్టి, కొలత దానిమీద పెన్సిలుతో రాసి ఇచ్చాడు. మంగళవారం లేతు తిరగలేదు. మరుదాచలం షెడ్డులో ఆకురాయితో బ్లాకులో గాలి పోయే దారులు, పోర్టులు, రుద్దుతూ మధ్యలో తలెత్తి అవతలికి చూశాడు. కాళియప్పన్ స్టూలు మీద కూర్చుని లేతు కింది పట్టాలకి గ్రీజు రాస్తున్నాడు. రాసిందే మళ్ళీ రాస్తున్నాడు.

మరుదాచలానికి జాలి వెయ్యకపోలేదు. కానీ జాలికన్నా ఆ ప్రశ్న ఎక్కువ గుచ్చుతోంది. 'కచ్చితంగా ఎనభైయ్యేనా?' ఏమిటా అడగడం? కచ్చితంగా కాక ఇంకెలా కోస్తారు?

బుధవారం మధ్యాహ్నం అన్నం తిని వచ్చాక అటక మీద పాత హెడ్లు దింపాడు. పందెం బళ్ళకి ఏడాదికోసారి హెడ్డు మారుస్తారు, పాతవి ఇక్కడే పడి ఉంటాయి. ఎనిమిదున్నాయి. ఎంత కొయ్యాలో అంకె, నెలా సంవత్సరం ప్రతిదాని రెక్క మీదా మరుదాచలమే పంచ్‌తో కొట్టాడు. కోసింది కాళియప్పన్. కోసి తెచ్చాక తను కొలిచి చూడడం అనేది ఇరవై రెండేళ్ళలో ఒక్కసారీ లేదు. అమ్మ పళ్ళెంలో వేసిన ఇడ్లీలు ఎవరైనా లెక్కపెడతారా?

ఇప్పుడు లెక్కపెట్టాడు. మసి గీకి, పెట్రోలుతో కడిగి, వెర్నియరు పెట్టాడు. మొదటిదాని మీద అంకె ఎనభై, కోసింది అరవై. వెర్నియరు తుడిచి మళ్ళీ పెట్టాడు. అరవయ్యే. రెండోదాని మీద డెబ్బై ఐదు, కోసింది యాభై ఐదు. మూడోదీ అంతే. ఎనిమిదింటిలో ఏడింటికి ఇరవై పాయింట్లు తక్కువ. ఒక్కటి మాత్రం, నాలుగేళ్ళ కిందటిది, రాసినంతా కోసి ఉంది. తక్కువున్నవన్నీ ఈ రెండేళ్ళవి.

అంటే రెండేళ్ళుగా తన బళ్ళ బలాన్ని ఈ మనిషి దొంగిలిస్తున్నాడు. ఓపిక లేకో, లేతు అరిగిపోయో, నిర్లక్ష్యమో. తను ఎనభై అనుకుని పెట్రోలు జెట్టు సరిచేసి, పోర్టులు రుద్ది, ఇది నా చేతి ఇంజనని చెప్పుకున్నాడు. మరుదాచలానికి ఒళ్ళంతా వేడెక్కిపోయింది. ఆ కోపంలో కాస్త హాయి కూడా ఉందని చెప్పాలి. సోమవారం నుంచీ బొటనవేలి కింద గుచ్చుకుంటున్నదేదో ఇప్పుడు పోయింది.

అయిదింటికి కుట్టన్ టీకొట్టు దగ్గర వీధి మెకానిక్కులంతా ఉంటారు. కాళియప్పన్ కూడా ఓ పక్కన నిలబడి టీ తాగుతున్నాడు. చుట్టూ కాస్త ఖాళీ ఉంది. మరుదాచలం రెండు హెడ్లు తెచ్చి బెంచీ మీద ఠపీమని పెట్టాడు.

"చూడండయ్యా, అందరూ చూడండి. నేను ఎనభై కొట్టిచ్చాను. ఇది అరవై. ఇంకో అయిదున్నాయి షెడ్డులో, అన్నీ ఇంతే. రెండేళ్ళుగా!"

సెల్వరాజ్ వెర్నియరు అందుకుని కొలిచి, "అవును, ఇరవై తక్కువే," అన్నాడు.

"ఏం చెప్తావు?" అన్నాడు మరుదాచలం కాళియప్పన్ వైపు తిరిగి. "రాసింది కొయ్యడం చేతకాకపోతే చెప్పాలి. చెప్పకుండా నన్ను మోసం చేస్తావా నువ్వు?"

టీకొట్టులో అందరి తలలూ లేచాయి. హెడ్ల సంగతికి కాదు. మాది తిట్టేటప్పుడు కూడా 'మీరు' అని తిట్టే ఊరు. ఏడేళ్ళు పెద్దవాణ్ణి పట్టుకుని నువ్వు అన్న మాట మరుదాచలం నోట ఎవరూ వినలేదు. అతనూ వినలేదు.

కాళియప్పన్ గ్లాసులో మిగిలిన టీ చూసుకున్నాడు.

"ఇరవై తక్కువ కోసిన మాట నిజమే తంబీ," అన్నాడు. "ఆ బళ్ళు ఏవైనా పట్టేశాయా?"

"పట్టెయ్యకపోతే సరిపోయిందా? బలం ఏదీ?"

"గెలవలేదా అవి?"

కాళియప్పన్ గ్లాసు కడిగే బకెట్టులో తనే ముంచి, బల్ల మీద బోర్లించి వెళ్ళిపోయాడు. వెనకనుంచి సెల్వరాజ్, "చేసింది చాలక పొగరు చూడు," అన్నాడు. అప్పుడు మరుదాచలం తృప్తిగానే తల ఊపాడు.

గురువారం కొత్త బ్లాకు, కొత్త పిస్టన్ వచ్చాయి. బోరు ఈసారి కంప్యూటర్ మెషీన్ మీదే కొట్టించాడు. హెడ్డు మాత్రం ఆ ఎనభైదే వేశాడు. సెంటర్ స్టాండు మీద నిలబెట్టి, బ్రేకు తొక్కిపట్టి, కళ్ళు మూసుకుని తిప్పాడు. నున్నగా, లావుగా వినిపించింది ఇంజను. సెల్వరాజ్ పక్కనుంచి భుజం తట్టాడు.

"అన్నా, లోపల ఏదో టిక్కుటిక్కుమంటోందే?"

"సైలెన్సరు క్లాంపు వదులయ్యా. నాకు తెలియదా?"

"మీకు తెలియకుండా ఉంటుందా అన్నా," అని సెల్వరాజ్ నాలుక కరుచుకున్నాడు.

ఆదివారం ఆయుధపూజ. శనివారమంతా షెడ్డు కడిగి, పనిముట్లు తోమి, మామిడాకులు కట్టారు. ఆదివారం పొద్దున మరుదాచలం స్నానం చేసి వంటింటి గడప దగ్గర విభూతి కోసం నిలబడ్డాడు. అతని భార్య తులసిమణి పూజకి శనగల సుండల్, అదే గుగ్గిళ్ళు, చేస్తోంది. చిన్న ఇనప మూకుట్లో నూనె కాగింది. ఆమె చెంచాడు ఆవాలు వేసి, చిట్లి మీద పడకుండా ఒక అడుగు వెనక్కి జరిగింది.

మూకుట్లో ఆవాలు ఎగురుతున్నాయి. అంచు దాటి పొయ్యి గట్టు మీద పడుతున్నాయి, ఒకటి వచ్చి ఆమె చీర మీద పడింది. మరుదాచలం చూస్తూ నిలబడ్డాడు. ఎగురుతున్నాయి గాని చప్పుడు లేదు. పక్కింటి గ్రైండరు వినిపిస్తోంది. రోడ్డు మీద బస్సు వినిపిస్తోంది. ఆవాలు వినపడడం లేదు.

"తులసీ, ఇంకొంచెం వెయ్యి."

"ఇవి మాడిపోతున్నాయి, ఇంకా ఎందుకూ?"

"వెయ్యవే."

ఆమె అతని మొహం చూసి ఇంకో చెంచాడు వేసింది. అతను దగ్గరికి వెళ్ళి, తల పక్కకి వాల్చి, కళ్ళు మూసుకున్నాడు. అలా ఎంతసేపున్నాడో, కళ్ళు తెరిచేసరికి మూకుడు నల్లబడిపోయి పొగలొస్తోంది. ఆమె గరిటె పట్టుకుని అలాగే నిలబడి ఉంది.

"నీకు తెలుసా?" అని అడిగాడు.

తులసిమణి పొయ్యి ఆపింది. "రెండేళ్ళయింది. మీ సెల్లు సన్నగా మోగితే వినరు. కుక్కరు పక్కన కూర్చుని, కూత వచ్చిందా అని నన్నడుగుతారు. చెవి డాక్టరుకి చూపించమని కాళియప్పన్ అన్న అప్పుడే చెప్పారు నాతో. మీతో అంటే ఇల్లు పీకి పందిరేస్తారని ఊరుకున్నాను."

"కాళియప్పన్ అన్న చెప్పారా? ఏమన్నారు?"

"'ఆయనకి తెలిసేదాకా నేను చూసుకుంటానమ్మా, బళ్ళకేం కాదు' అన్నారు. ఏం చూసుకుంటారో నాకేం తెలుసు?"

మరుదాచలం గోడకి ఆనుకుని కింద కూర్చున్నాడు. ఇరవై పాయింట్లు. రాసిన దాంట్లోంచి ఇరవై తగ్గిస్తే, చెవికి వినపడని ఆ మేర సరిపోతుంది. ఆరు పాయింట్ల ప్లే ఎలా కొలిచాడో, తన చెవుడుని కూడా ఆ మనిషి అలాగే కొలిచి, దానికి తగినంత ఇనుము వదిలిపెట్టాడు. ఆ రెండేళ్ళలో గెలిచిన కప్పులన్నీ ఎదురుగా అలమరలో ఉన్నాయి. అతనికి ఏడుపొచ్చింది. తులసిమణి చూడకుండా తుండుగుడ్డతో మొహం తుడుచుకున్నాడు గాని, ఆమె చూసింది.

సుండల్ లేకుండానే పూజ అయింది.

కాళియప్పన్ రేకుల షెడ్డులో లేతుకి గంధం బొట్లు, మూడు విభూతి రేఖలు పెట్టి, చేమంతి దండ వేశాడు. ఎదురుగా మరమరాలు, బెల్లం, కోసిన నిమ్మకాయ. మనిషి చాప మీద కూర్చుని ఉన్నాడు. మరుదాచలం గుమ్మంలోకి రాగానే లేచాడు.

"రండి తంబీ. కర్పూరం ఇప్పుడే కొండెక్కింది. కూర్చోండి."

మరుదాచలం కూర్చోలేదు. ఇన్నాళ్ళూ ఏటేటా తన షెడ్డులో కర్పూరం వెలిగించింది ఈ మనిషే. ఈ ఏడు తనే వెలిగించుకున్నాడు, పిలవలేదు.

"మీరు నాకెందుకు చెప్పలేదన్నా?"

కాళియప్పన్ అర్థం కానట్టు నటించలేదు. చెవి వెనక పెన్సిలు తీసి, మళ్ళీ అక్కడే పెట్టుకున్నాడు.

"ఎలా చెప్పమంటారు? ఊరంతా మీ చెవి పేరు చెప్పుకుని బతుకుతోంది. నేనొచ్చి మీకు చెవి లేదనాలా? ఒకరోజు టెస్టు దగ్గర నిలబడ్డాను. లోపల గింజలు వేగుతున్నాయి, మీరేమో కళ్ళు మూసుకుని 'అద్భుతం' అన్నారు. నా గుండె జారిపోయింది తంబీ. ఆ బండి మీద ఎవరి పిల్లాడో ఎక్కుతాడు కదా. అప్పట్నుంచీ ఇరవై వదిలేస్తూ వచ్చాను. ఆ తర్వాత ప్రతి టెస్టుకీ రోడ్డు దాటి వచ్చి నిలబడేవాణ్ణి, చాలకపోతే ఇంకో అయిదు వదులుదామని. ఇరవైయే సరిపోయింది."

"సోమవారం పదిమందిలో అన్నాను మిమ్మల్ని. అప్పుడైనా అనాలి కదా. టీకొట్టులో అయినా..."

"అంటే మీకు పేరు పోతుంది. అనకపోతే నాకు పోతుంది. నాది ఎలాగూ ముసలి లేతు."

"సోమవారం నవనీతన్ అమ్మకి ఫోన్ చేసి, బోరు కొట్టినాయన తప్పమ్మా అని చెప్పాను," అన్నాడు మరుదాచలం.

కాళియప్పన్ మొహం అప్పుడు మారింది. ఇంతవరకూ తట్టుకున్నవాడు ఆ ఒక్క మాటకి పక్కకి తిరిగి, లేతు మీది దండ సర్దుతున్నట్టు నిలబడ్డాడు.

"ఆ పిల్లాణ్ణి నేను ఆసుపత్రిలో చూసొచ్చాను," అన్నాడు. "వాళ్ళమ్మ నాతో మాట్లాడలేదు. ఎందుకో అనుకున్నాను."

పూజ రోజు మా వీధిలో ఒక్క మోటారు కూడా తిరగదు. పల్లడం నుంచి ఒకాయన వచ్చి లేతు చూసుకు వెళ్ళాడనీ, రేపు లారీ వస్తుందనీ కాళియప్పన్ చెప్పాడు. పొల్లాచ్చి దగ్గర కొబ్బరిపీచు మిల్లులో మోటార్లు చూసుకునే పని కుదిరిందట. కూతురిది ఆ పక్క ఊరే.

"అమ్మకండన్నా. రేపు అందరి ముందూ నేనే చెప్తాను."

"వద్దు తంబీ. మాట ఇచ్చేశాను, పూజ రోజు ఇచ్చిన మాట. మీరు చెప్తే నా లేతు వెనక్కి రాదు, మీ షెడ్డు పోతుంది. ఇద్దరం మునగడమెందుకు? చెవి డాక్టరుకి చూపించుకోండి. మిషను పెడతారంటున్నారు కదా. మరమరాలు తీసుకోండి."

మరుదాచలం రెండు చేతులూ చాపి మరమరాలు తీసుకున్నాడు. తినలేకపోయాడు. చొక్కా జేబులో పోసుకుని వచ్చాడు.

మరునాడు విజయదశమి. పూజ చేసిన మిషన్ల మీద మొదటి పని ఆ రోజే మొదలు పెడతారు. పొద్దున ఎనిమిదికల్లా వీధంతా మోటార్లు తిరగడం మొదలైంది. కాళియప్పన్ షెడ్డు ముందు లారీ నిలబడి ఉంది. ముగ్గురు మనుషులు గొలుసు కప్పీ తగిలిస్తున్నారు.

మరుదాచలం నవనీతన్ బండిని తోసుకుంటూ టీకొట్టు ముందుకి తెచ్చి సెంటర్ స్టాండు వేశాడు. జేబులోంచి పాత పిస్టన్ తీసి బెంచీ మీద నెత్తి పైకి కనపడేలా పెట్టాడు.

"ఇది మీకు ఆరోజు పక్కనుంచి చూపించాను. నెత్తి చూడండి," అన్నాడు. "నాకింగ్‌తో పోయింది ఇది. బోరుతో కాదు. ఎనభై కొయ్యమంది నేను. టెస్టు చేసి పంపింది నేను. నాకు వినపడలేదు. నా చెవి పోయి రెండేళ్ళయింది. అందుకే కాళియప్పన్ అన్న ఇరవై తగ్గించి కోశారు. మన బళ్ళు పట్టెయ్యకుండా కాపాడింది ఆయన."

అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. తర్వాత సెల్వరాజ్ వచ్చి మరుదాచలం చేతులు పట్టుకున్నాడు. అతని కళ్ళు చెమ్మగిల్లి ఉన్నాయి.

"అన్నా, మీ మనసు ఎవరికొస్తుందన్నా? ముసలాయన లేతు పోతోందని తప్పు మీ నెత్తిన వేసుకుంటున్నారు."

"కాదయ్యా, నిజంగా..."

"మాకు తెలియదా అన్నా! మీ చెవి పోవడమేమిటి?" అన్నాడు కుట్టన్ టీ వడపోస్తూ. "ఆయన చేసినదానికి ఇంకొకరైతే పోలీసుల దాకా వెళ్ళేవాళ్ళు. మీరు గొప్పవాళ్ళు."

మరుదాచలం నిర్ఘాంతపోయాడు. అబద్ధం చెప్పినప్పుడు ఒక్క మాటకే నమ్మిన మనుషులు వీళ్ళు. ఇప్పుడు తన పరువు తీసి చేత్తో పట్టుకుని ఇస్తుంటే, దాన్ని కూడా పూలదండ చేసి తన మెడలోనే వేస్తున్నారు.

అతను కిక్కు కొట్టాడు. నాలుగో గేరు వేశాడు. వెనక బ్రేకు తొక్కిపట్టి ఎక్సలేటరు తిప్పాడు. ఈసారి కళ్ళు మూసుకోలేదు. తెరిచి, సెల్వరాజ్ మొహం వైపు చూస్తూ తిప్పాడు.

సగం దాకా ఏమీ లేదు. ఇంకొంచెం తిప్పాడు. సెల్వరాజ్ కనుబొమలు ముడిపడ్డాయి. ఇంకొంచెం. కుట్టన్ టీ వడపోత ఆపి తలెత్తాడు. వెనకున్న ఇద్దరు ఇంజను వైపు వంగారు. నాకింగ్ ఎప్పుడు మొదలైందో మరుదాచలానికి వాళ్ళ మొహాల్లోనే తెలిసింది.

"మొదలైందా?" అని అరిచాడు. "ఇప్పుడా? నాకు తెలియడం లేదు. మీరు చెప్పండి!"

పూర్తిగా తిప్పేశాడు. బ్రేకు డ్రమ్ము నుంచి పొగ లేచింది. ఇంజను అతనికి నున్నగా, లావుగా, ఎప్పటిలా అందంగా వినిపిస్తోంది. సెల్వరాజ్ రెండు చేతులూ నోటికి చెరోపక్కా పెట్టుకున్నాడు. "అన్నా, ఆపండి, చాలు, నమ్మాం," అంటున్నాడు కాబోలు, పెదవులు కదులుతున్నాయి. మరుదాచలం ఆపలేదు. ఎలా ఆపాలో చెయ్యి మరిచిపోయినట్టుంది.

ఇంతలో జనాన్ని తోసుకుంటూ ఒక బక్క చెయ్యి వచ్చి తాళం తిప్పేసింది. ఇంజను ఆగిపోయింది. కాళియప్పన్ ఆయాసపడుతున్నాడు. లారీ దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చినట్టున్నాడు, చేతిలో తాడు ముక్క అలాగే ఉంది.

"కొత్త పిస్టన్ తంబీ. పాపం, ఎందుకలా చంపుతారు?"

"చాలా వస్తోందా అన్నా?" అని అడిగాడు మరుదాచలం. అరిచి అరిచి గొంతు పీలగా వచ్చింది.

కాళియప్పన్ ఆ నలుగురిలో చెప్పాలా అన్నట్టు చూశాడు. తర్వాత చెప్పాడు.

"చాలా వస్తోంది."

సెల్వరాజ్ పిస్టన్ చేతిలోకి తీసుకుని, నెత్తిన గుంటల మీద వేలు రాస్తూ తల వంచుకున్నాడు. ఎవరో కాళియప్పన్‌కి టీ ఇవ్వమన్నారు. కుట్టన్ గ్లాసు కడిగి, తనే తెచ్చి చేతికిచ్చాడు. కాళియప్పన్ నిలబడి తాగాడు. ఈసారి అతని పక్కన ఖాళీ లేదు గాని, అందరూ మరుదాచలం నుంచి ఒక అడుగు వెనక్కి జరిగి నిలబడ్డారు. ఆ అడుగు ఎవరూ కావాలని వెయ్యలేదు.

"ఆ హెడ్డు తీసేసి కొత్తది వెయ్యండి," అన్నాడు కాళియప్పన్ గ్లాసు పెట్టేస్తూ. "అరవై చాలు. ఎవరు కోసినా అరవై చాలని చెప్పండి. ఆ పిల్లాడి అమ్మకి..."

"చెప్తాను. ఇప్పుడే వెళ్తున్నాను."

కాళియప్పన్ తల ఊపాడు. మరుదాచలం వంగి అతని కాళ్ళు పట్టుకోబోతే మధ్యలోనే భుజాలు పట్టి లేపాడు. ఏదో అన్నాడు. సన్నగా, మెల్లగా అన్నాడు. మరుదాచలానికి ఆ మాట అందలేదు. మళ్ళీ చెప్పమని అడగలేక తల ఊపాడు.

రోడ్డు అవతల లేతుని తాళ్ళతో బిగించి టార్పాలిన్ కప్పారు. దండ తియ్యడం ఎవరికీ గుర్తులేదు, టార్పాలిన్ కింద నుంచి చేమంతులు వేలాడుతున్నాయి. కాళియప్పన్ డ్రైవరు పక్కన ఎక్కి కూర్చున్నాడు. లారీ కదిలి, మలుపు దగ్గర ఒక్కసారి గట్టిగా హారన్ కొట్టింది. అది మాత్రం మరుదాచలానికి బాగానే వినిపించింది.